అగడ్త గర్భంలోని చరిత్ర

పాఠ్యాంశ ఉద్దేశం

చరిత్ర అనగానే రాజుల పేర్లు, యుద్ధాలు జరిగిన సంవత్సరాలు గుర్తుకు రావడం సహజం. గ్రంథాలలోనూ శాసనాలలోనూ చోటు దొరకని సామాన్యుల జీవితాన్ని తెలుసుకోవడానికి పురావస్తుశాస్త్రం ఒక మార్గం. మధ్యయుగపు ఇంగ్లండులో భూస్వాములు అగడ్తల నడుమ కట్టుకొన్న భవనాల శిథిలాలు ఆ మార్గంలో ఎట్లా వెలుగు చూపుతున్నాయో, ఆ వెలుగును నిలుపుకోవడానికి ఎంత జాగ్రత్త అవసరమో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠ్యభాగం

అగడ్త అనే మాట వినగానే తెలుగు విద్యార్థి మనసులో మొదట మెదిలేది కోట. కాకతీయుల ఓరుగల్లులో రాతికోట చుట్టూ ఒక అగడ్త, దానికి ఎంతో వెలుపల ఉన్న మట్టికోట చుట్టూ మరొక అగడ్త ఉండేవి. శత్రుసేనను గోడ దగ్గరికి రానీయకుండా ఆపడమే వాటి ప్రయోజనం. పరిఖ, కందకం అనే పేర్లు కూడా మన భాషలో యుద్ధానికీ కోటకూ ముడిపడినవే. అయితే అగడ్త ఉన్న ప్రతిచోటా కోట ఉండాలన్న నియమం లేదు. ఇంగ్లండు పల్లెసీమలలో, ఏనాడూ ముట్టడి ఎరుగని పొలాల నడుమ, ఇళ్ల చుట్టూ తవ్విన అగడ్తల ఆనవాళ్లు వేల సంఖ్యలో కనిపిస్తాయి. ఇప్పటివరకు గుర్తించినవే సుమారు 6,000 ఉన్నాయి. వాటిలో అధికభాగం 1250కి, 1350కి మధ్య తవ్వినవి. మధ్య ఇంగ్లండులోనూ తూర్పు ప్రాంతాలలోనూ ఇవి దట్టంగా కనిపిస్తాయి.

ఈ అగడ్తల నడుమ ఉండినవి ‘మేనర్’ భవనాలు. మేనర్ అంటే కేవలం ఒక ఇల్లు కాదు. అది ఒక భూస్వామ్య వ్యవస్థ. ఒక ప్రభువు అధీనంలోని పొలాలు, పచ్చికబయళ్లు, అడవి, మర, ఆ భూమిపై బ్రతికే రైతులు, వారి తగవులు తీర్చే న్యాయసభ కలిసి మేనర్ అయ్యేవి. స్వేచ్ఛ లేని రైతులు తమకిచ్చిన కమతాన్ని సాగుచేసుకొంటూనే, వారంలో కొన్ని రోజులు ప్రభువు సొంత పొలంలో కూలి లేకుండా పనిచేయవలసి ఉండేది. తెలంగాణ పల్లెలలో దొర గడీని, ఆ గడీ చుట్టూ సాగిన వెట్టిని గురించి విన్నవారికి ఈ ఏర్పాటు పూర్తిగా అపరిచితం అనిపించదు. కాలం వేరు, దేశం వేరు, చట్టం వేరు. అయినా ఊరంతటికీ కేంద్రంగా నిలిచిన ఒక పెద్ద ఇల్లు, ఆ ఇంటి కోసం వంగిన అనేక నడుములు అన్న దృశ్యం రెండింటికీ సామాన్యం.

మరి యుద్ధభయం లేని ఇంటికి అగడ్త ఎందుకు? ఈ ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. అగడ్తలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో నేల బంకమట్టి. అందులో నీరు త్వరగా ఇంకదు. చుట్టూ కాలువ తవ్వి, ఆ మట్టిని మధ్యలో పోస్తే ఇల్లు కట్టుకొనే చోటు ఎత్తుగా, కొంతవరకు పొడిగా ఉంటుంది. అగడ్తలోని నీటిలో చేపలు పెంచవచ్చు. క్రైస్తవ సంప్రదాయం ప్రకారం శుక్రవారాలలోనూ, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలలోనూ మాంసం నిషిద్ధం కావడం వల్ల పెద్ద ఇళ్లలో చేపల అవసరం ఎక్కువగా ఉండేది. చెక్కతో, గడ్డితో కట్టిన ఇళ్లకు నిప్పంటుకొంటే నీరు చేతికందే దూరంలో ఉండేది. దొంగలనూ అడవిమృగాలనూ అగడ్త కొంతవరకు దూరంగా ఉంచేది.

ఈ ప్రయోజనాలన్నీ నిజమే. అయినా అగడ్త తవ్వించడానికి ముఖ్యమైన ప్రేరణ హోదా అని నేటి పండితులు ఎక్కువమంది భావిస్తున్నారు. కోటలో నివసించే మహాప్రభువుకు అగడ్త ఉన్నది. కాబట్టి చిన్న ప్రభువుకూ అగడ్త కావాలి. చిన్న ప్రభువుకు ఉన్నది కాబట్టి, అడవి నరికి కొత్తగా పొలం చేసుకొన్న స్వతంత్ర రైతుకూ అది కావాలి. వారిక్‌షైర్ ప్రాంతంలోని ఆర్డెన్ అటవీసీమలో ఇట్లా కొత్త భూములు సాగులోకి తెచ్చిన రైతులు కూడా తమ ఇళ్ల చుట్టూ అగడ్తలు తవ్వుకొన్నారు. వంతెన దాటి, ద్వారం తెరిపించుకొని లోపలికి రావలసిన అతిథికి ఆ ఇంటి యజమాని గొప్పతనం మాటలతో చెప్పనక్కరలేదు, నీరే చెబుతుంది.

బర్మింగ్‌హామ్ నగరం ఇంగ్లండులోని మహానగరాలలో ఒకటి. దాని జనాభా నేడు పదిలక్షలకు పైమాటే. ఈ ఒక్క నగరంలో రెండు అగడ్తల కథలు ఉన్నాయి. ఒకటి నగరం నడిబొడ్డున ఉండేది. రెండవది నగరానికి నైరుతి దిక్కున ఉన్నది. ఈ రెంటినీ పక్కపక్కన ఉంచి చూస్తే, పురావశేషాలను కోల్పోవడమంటే ఏమిటో, కాపాడుకోవడమంటే ఏమిటో విస్పష్టమవుతుంది.

1086లో విలియం రాజు తన రాజ్యంలోని భూములన్నింటినీ లెక్క వేయించాడు. ఆ లెక్కల గ్రంథానికి ‘డూమ్స్‌డే’ అని పేరు. అందులో బర్మింగ్‌హామ్ మేనర్ విలువ 20 షిల్లింగులు. అక్కడి రైతులు 9 మంది. చుట్టుపక్కల ఊళ్లతో పోల్చినా అది పేద గ్రామమే. 80 సంవత్సరాల తరువాత, 1166లో, ఆ మేనర్ ప్రభువైన పీటర్ డి బర్మింగ్‌హామ్ రెండవ హెన్రీ రాజు నుండి ఒక అనుమతిపత్రం పొందాడు. ప్రతి గురువారం తన నివాసం వద్ద సంత జరుపుకొనే హక్కు ఆ పత్రం ద్వారా అతనికి లభించింది. పీటర్ స్వయంగా మహాప్రభువు కాదు. సమీపంలోని డడ్లీ కోట ప్రభువు కింద అతడు వ్యవహారాధికారిగా ఉండేవాడు. అయినా అతని దూరదృష్టి ఆ పేదగ్రామం తలరాతను మార్చింది. సంతకు వర్తకులు వచ్చారు. వర్తకుల వెంట చేతివృత్తులవారు వచ్చారు. క్రమంగా ఊరు పట్టణమయింది. పీటర్ వంశీకుల నివాసం చుట్టూ దాదాపు వలయాకారంలో ఒక అగడ్త ఉండేది. ఆ వంశం 1530ల వరకు మేనర్‌ను అనుభవించి, ఆ తరువాత దానిని కోల్పోయింది.

కాలం గడిచింది. ప్రభువుల ఇల్లు పోయినా అగడ్త మిగిలింది. 18వ శతాబ్దిలో గీసిన నగర పటాలలో అది స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ఆ కాలానికి బర్మింగ్‌హామ్ కర్మాగారాల నగరంగా ఎదుగుతున్నది. పశువులకూ ధాన్యానికీ గడ్డికీ విశాలమైన సంతస్థలం కావలసి వచ్చింది. నగరపాలకులు ఆ అగడ్తను పూడ్పించి, ఆ నేలపై ‘స్మిత్‌ఫీల్డ్’ సంతను నిర్మించారు. అది 1817లో ప్రారంభమయింది. ఏ మేనర్ ప్రభువు తెచ్చిన సంత వల్ల ఆ ఊరు నగరమైనదో, ఆ ప్రభువు నివాసాన్ని చివరకు సంతే కప్పివేసింది. అగడ్తకు గుర్తుగా ‘మోట్ లేన్’ అనే వీధిపేరు మాత్రం మిగిలింది. ‘మోట్’ అంటే అగడ్త. వస్తువు మాయమైన తరువాత కూడా పేరు నిలిచి ఉండడం ఊళ్ల చరిత్రలో తరచుగా కనబడే విషయం.

1970లలో అదే స్థలంలో టోకు వర్తకం కోసం కొత్త కట్టడాలు తలపెట్టారు. 1973 నుండి 1975 వరకు, నిర్మాణపు పనుల నడుమనే, పురావస్తు పరిశోధకులు అక్కడ అత్యవసరంగా తవ్వకాలు జరిపారు. పూడిన అగడ్త, దాని నడుమ మధ్యయుగపు రాతిగోడల భాగాలు వెలుగుచూశాయి. ఒక మహానగరం పుట్టిన చోటు అది. కాని దానిని పరిశీలించడానికి లభించిన వ్యవధి చాలా స్వల్పం. ఆ అగడ్తను గురించి లోర్నా వాట్స్ రచించిన అధ్యయన వ్యాసం శీర్షికలోనే చరిత్ర, స్థలస్వరూపం అనే మాటలతోపాటు ‘వినాశం’ అనే మాట కూడా చేరింది. ఆ టోకు వర్తకశాలలు 2018లో నగరంలోని మరొక ప్రాంతానికి తరలిపోయాయి.

ఇక రెండవ కథ వీలీ కోటది. పేరుకు కోటే గాని, నిజానికి అది బలమైన గోడలు కట్టుకొన్న మేనర్ భవనం. 1264లో డడ్లీ ప్రభువైన రోజర్ డి సొమెరీ తన ఇంటి గోడలపై కోటకొమ్మలు నిర్మించుకోవడానికి మూడవ హెన్రీ రాజు నుండి అనుమతి పొందాడు. ఆ రోజులలో రాజానుమతితో కోటకొమ్మలు కట్టుకోవడం అత్యంత గౌరవసూచకం. నీటి అగడ్త, దాని లోపల ఎర్ర ఇసుకరాతి గోడలు, బురుజులు, విశాలమైన సభాగృహం, ప్రార్థనామందిరం, వంటశాలలు కలిసి వీలీ ఒక చిన్న లోకంగా ఉండేది. తరువాతి శతాబ్దులలో అది చేతులు మారి, ఆదరణ కోల్పోయి, శిథిలమయింది. నేడు అక్కడ మోకాలెత్తు, నడుమెత్తు గోడలు మిగిలి ఉన్నాయి. చుట్టూ 20వ శతాబ్దిలో వెలసిన నివాసప్రాంతం కూడా ఆ శిథిలం పేరుతోనే ప్రసిద్ధి చెందింది.

వీలీలో 1955 నుండి కొన్ని సంవత్సరాలపాటు ఏడ్రియన్ ఆస్వాల్డ్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. రాతి భవనాలకన్నా పూర్వపు పొరలలో ఒక అపురూపమైన అవశేషం బయటపడింది. అది 13వ శతాబ్ది ఆరంభకాలానికి చెందిన ఒక చెక్క వంటశాల. దాని గోడల అడుగుభాగం, నిలువు స్తంభాలు, వాటికి అడ్డంగా ఒకదానిపై ఒకటి కొంచెం ఎక్కేటట్లు అమర్చిన పలకలు చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నాయి. మధ్యయుగపు ఇంగ్లండులో ఇళ్లు ఎక్కువగా చెక్కతో కట్టినవే. కాని ఆ కాలపు చెక్క సాధారణంగా నేలలో కుళ్లిపోయి, స్తంభాలు నాటిన గుంటల నల్లని మచ్చలు మాత్రమే మిగులుతాయి. గోడే నిలిచి ఉండడం అరుదైన భాగ్యం. వడ్రంగి పలకను ఎట్లా కోశాడో, ఎక్కడ ఎట్లా బిగించాడో ఏడువందల ఏళ్లకు పైగా గడిచిన తరువాత కూడా పరిశోధకులు కళ్లారా చూడగలిగారు.

ఈ భాగ్యానికి కారణం నీరు. సాధారణంగా చెక్క, తోలు, బట్ట వంటి వాటిని నేలలోని సూక్ష్మజీవులు తినివేస్తాయి. ఆ పని వేగంగా సాగాలంటే వాటికి ప్రాణవాయువు అవసరం. ఎల్లప్పుడూ నీటితో నిండి ఉండే బురదలోకి గాలి చొరబడదు. అందువల్ల అక్కడ చేరిన వస్తువులు శతాబ్దాల తరబడి నశించకుండా ఉంటాయి. పొడినేలలో రాయి, కుండపెంకు, ఎముక, లోహం మాత్రమే మిగిలే చోట, అగడ్త బురదలో పాదరక్ష అట్ట, తాడుముక్క, చెక్కగిన్నె, పండ్ల గింజలు కూడా మిగులుతాయి. పూర్వులు పారవేసిన చెత్తకు అగడ్త ఒక ఖజానా అయింది.

ఆ ఖజానాలోని ప్రతి వస్తువూ ఒక సాక్ష్యమే. దుంగలోని వార్షిక వలయాలను సూక్ష్మదర్శినితో కొలిచి, కాలం తెలిసిన ఇతర దుంగల వలయాలతో సరిపోల్చితే, ఆ చెట్టును నరికిన కాలాన్ని నిర్ణయించవచ్చు. బెరడు అంచు నిలిచి ఉన్న దుంగ అయితే సంవత్సరం కూడా తెలుస్తుంది. ఎముకల మీది కత్తిగాట్లు ఏ పశువును ఎట్లా కోసి వండారో చెబుతాయి. కంటికి కనిపించని పుప్పొడి రేణువులు మరింత విలువైనవి. గాలిలో ఎగిరివచ్చి నీటిలో పడిన పుప్పొడి, దానిపై పేరుకొన్న బురదలో భద్రంగా ఉండి, చుట్టుపక్కల ఏ చెట్లు పెరిగాయో, ఏ పైర్లు వేశారో, ఏ కలుపుమొక్కలు మొలిచాయో తెలియజేస్తుంది. యార్క్‌షైర్ ప్రాంతంలోని కౌవిక్‌లో 1323లో రెండవ ఎడ్వర్డ్ రాజు కాలంలో తవ్విన అగడ్త ఒకటి ఉన్నది. 1976లో అక్కడ జరిగిన తవ్వకాలలో లభించిన బురదను ఇట్లా పరిశీలించి, నాటి ప్రకృతి పరిసరాలను శాస్త్రజ్ఞులు చిత్రించగలిగారు.

లిఖిత సాక్ష్యాలు ఉండగా ఈ బురదను శోధించడం ఎందుకన్న సందేహం రావచ్చు. ఇంగ్లండులో మేనర్లకు సంబంధించిన లెక్కలు, న్యాయసభల దస్తావేజులు విస్తారంగా లభిస్తాయన్నది నిజమే. కాని వాటిని రాయించినవాడు ప్రభువు. తనకు రావలసిన పన్ను, తన పొలంలో ఎగ్గొట్టిన పని, తనకు చెల్లించవలసిన జరిమానా అతడికి ముఖ్యం. వంటశాలలో పొగకు కళ్లు మండిన పనివాడు ఏమి తిన్నాడో, పిల్లలు ఏ చెప్పులు తొడిగారో అతని లెక్కలలో కనిపించదు. రైతు దృష్టిలో ఆ దస్తావేజులు తన చేతులకు వేసిన సంకెళ్లు. 1381లో ఇంగ్లండులోని రైతులు తిరుగుబాటు చేసినప్పుడు అనేకచోట్ల మేనర్ దస్తావేజులను వెదకి తగులబెట్టడానికి కారణం అదే. కాగితం ఒక పక్షాన నిలిచి మాట్లాడుతుంది. బురదకు పక్షపాతం లేదు. యజమాని విందులో మిగిలిన ఎముకనూ, సేవకుని కాలినుండి జారిన చిరిగిన చెప్పునూ అది ఒకేవిధంగా దాచి ఉంచుతుంది.

అగడ్తల యుగం ఎట్లా ముగిసిందో కూడా చెప్పుకోవాలి. 1348-49 సంవత్సరాలలో ఇంగ్లండును ముంచెత్తిన మహామారి దేశజనాభాలో మూడవ వంతుకు తక్కువ కాకుండా బలిగొన్నది. పని చేసే చేతులు తగ్గిపోవడంతో బ్రతికి ఉన్న కూలీల విలువ పెరిగింది. ప్రభువులు తమ సొంత సేద్యాన్ని తగ్గించుకొని భూములను కౌలుకు ఇవ్వసాగారు. కూలిలేని చాకిరీ క్రమంగా సడలిపోయింది. కొత్తగా అగడ్తలు తవ్వించడం తగ్గింది. ఉన్నవాటిలో కొన్ని తోటల అలంకారాలుగా, చేపల చెరువులుగా మారాయి. మిగిలినవి పూడి, రెల్లు మొలిచి, పశువులు మేసే పల్లపు నేలలయ్యాయి. ఇల్లు కూలిన తరువాత కూడా నేల మీద మిగిలిన ఆ నలుచదరపు పల్లం, దాని నడుమ ఎత్తైన దిబ్బ మాత్రమే అక్కడ ఒక కుటుంబం దర్పంగా జీవించిందనడానికి గుర్తు.

నేలను తవ్వకుండానే ఇటువంటి స్థలాలను గుర్తించే పద్ధతులు ఉన్నాయి. ఉదయ సాయంకాలాల ఏటవాలు ఎండలో విమానం నుండి ఛాయాచిత్రాలు తీస్తే, చిన్న ఎత్తుపల్లాలు కూడా నీడలై కనిపిస్తాయి. పూర్తిగా పూడిపోయిన అగడ్త సైతం దాగలేదు. పూడిన చోట మట్టి లోతుగా, తేమగా ఉంటుంది కనుక, వర్షాభావ సమయంలో అక్కడి పైరు మిగిలిన పొలంకన్నా పచ్చగా, ఏపుగా ఎదుగుతుంది. పైనుండి చూసినవారికి పొలంలో పచ్చరంగు గీతలతో పాత ఇంటి ఆకారం ప్రత్యక్షమవుతుంది. నేలలోకి స్వల్పంగా విద్యుత్తును పంపి, తేమను బట్టి మారే నిరోధాన్ని కొలవడం మరొక పద్ధతి. లేజర్ కిరణాలతో భూతలాన్ని కొలిచే విధానం వల్ల చెట్లనీడలో దాగిన అగడ్తలు సైతం నేడు బయటపడుతున్నాయి.

ఇన్ని సాధనాలు ఉన్నా ఆందోళనకు కారణాలు లేకపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం యంత్రసేద్యం విస్తరించినప్పుడు, శతాబ్దాలుగా పచ్చికబయళ్లుగా ఉండిపోయిన అనేక అగడ్త స్థలాలను చదునుచేసి పొలాలలో కలిపివేశారు. ఈ ప్రమాదాన్ని గుర్తించిన పండితులు 1971లో అగడ్త స్థలాల అధ్యయనానికే ప్రత్యేకంగా ఒక బృందంగా ఏర్పడ్డారు. నాగలి కన్నా కంటికి కనబడని శత్రువు మరొకటి ఉన్నది. అది ఎండిపోవడం. పొలాలలో మురుగుకాలువలు వేసినా, నీటిమట్టం పడిపోయినా అగడ్త బురదలోకి గాలి చొరబడుతుంది. అప్పుడు శతాబ్దాలపాటు నిలిచిన చెక్క, తోలు కొద్దికాలంలోనే పొడిగా రాలిపోతాయి. పైనుండి చూస్తే స్థలం యథాతథంగా ఉన్నట్లే కనిపిస్తుంది. లోపలి పుస్తకంలోని అక్షరాలు మాత్రం చెరిగిపోతాయి.

తవ్వకం కూడా ఒకవిధంగా వినాశమే అన్న సత్యాన్ని విద్యార్థులు గ్రహించాలి. పొరలను ఒక్కసారి తొలగించిన తరువాత వాటిని మళ్లీ యథాస్థానంలో పేర్చడం ఎవరికీ సాధ్యం కాదు. పురావస్తు పరిశోధకుడు చదివిన ప్రతి పుటనూ చించివేస్తూ ముందుకు సాగే పాఠకుని వంటివాడు. అందువల్లనే అతడు ప్రతి పొరనూ కొలుస్తాడు, గీస్తాడు, ఛాయాచిత్రం తీస్తాడు, రాసుకొంటాడు. బురదనుండి వెలికితీసిన చెక్కను తడి ఆరనీయకుండా కాపాడి, దానిలోని నీటి స్థానంలో మైనం వంటి రసాయన పదార్థాన్ని నెమ్మదిగా ఇంకింపజేయాలి. లేకపోతే అది ముడుచుకొని పగిలిపోతుంది. ఈ కారణాల వల్ల, తప్పనిసరి అయితే తప్ప తవ్వకుండా నేలలోనే భద్రపరచడం మేలని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రేపటి తరానికి మరింత మెరుగైన సాధనాలు అందుబాటులోకి రావచ్చు. వారికి చదవడానికి కొన్ని పుటలు మిగల్చడం ఈ తరం ధర్మం.

బ్రిటనులో పురాతన కట్టడాల రక్షణకు మొదటి చట్టం 1882లో వచ్చింది. 1979లో చేసిన చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల స్థలాలను ఒక పట్టికలో చేర్చి రక్షిస్తున్నారు. అనేక అగడ్త స్థలాలు ఆ పట్టికలో ఉన్నాయి. 1990లో వచ్చిన మార్గదర్శకాలతో మరొక మార్పు వచ్చింది. నిర్మాణం చేపట్టదలచినవారు ఆ నేలలో ఏ పురావశేషాలు ఉన్నాయో ముందుగానే పరిశీలింపజేయాలన్న సూత్రం స్థిరపడింది. మన దేశంలోనూ 1958 నాటి చట్టం జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలనూ స్థలాలనూ కాపాడుతున్నది. అయితే ఏ దేశంలోనైనా చట్టం కొన్ని స్థలాలకే గొడుగు పట్టగలదు. ఊరి చివర పేరులేని దిబ్బ, పూడిపోయిన కందకం, వీధిపేరులో మిగిలిన పాతమాట ఆ గొడుగు కిందికి రావు. వాటి విలువ తెలిసినవారు ఆ ఊరిలో ఉంటేనే అవి నిలుస్తాయి.

బర్మింగ్‌హామ్ అగడ్తను పూడ్పించినవారు దుర్మార్గులు కారు. ఎదుగుతున్న నగరానికి సంత నిత్యావసరం. వారు తమ కాలపు అవసరాన్ని తీర్చారు. అయితే పూడ్చడానికి ముందు అక్కడ ఏమి ఉన్నదో చూసి రాసిపెట్టాలన్న ఆలోచన ఆ కాలానికి ఇంకా పెరగలేదు. వీలీలో ఆ ఆలోచన కలిగింది. అందువల్ల పేరు తెలియని ఒక వడ్రంగి పనితనం లోకానికి తెలిసింది. ఆ వంటశాలలో శ్రమించినవారి పేర్లు ఏ దస్తావేజులోనూ లేవు. వారి నెత్తిన నిలిచిన చెక్కగోడ మాత్రం మిగిలింది. అగడ్త ప్రభువు హోదా కోసం తవ్వినదే; కాని కాలక్రమంలో అది సేవకుల చరిత్రకు కాపలాదారు అయింది.

కఠిన పదాలకు అర్థాలు

అగడ్త = కోట లేదా ఇంటి చుట్టూ తవ్విన లోతైన కాలువ; పరిఖ
మర = ధాన్యం విసరే యంత్రం
కమతం = ఒక రైతు సాగుచేసే భూమి
కోటకొమ్మలు = కోటగోడపై పళ్లవరుస వలె ఉండే కట్టడం
దస్తావేజు = రాతపూర్వకమైన ఆధారపత్రం
పుప్పొడి = పూవులలోని పరాగం
దర్పం = గర్వం, ఆడంబరం

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. బర్మింగ్‌హామ్ అగడ్తకు, వీలీ కోటకు పట్టిన గతులను పోల్చి, వాటి వలన తెలిసే విషయాలను వివరించండి.
2. ‘కాగితం ఒక పక్షాన నిలిచి మాట్లాడుతుంది. బురదకు పక్షపాతం లేదు.’ ఈ వాక్యాలను పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. యుద్ధభయం లేని ఇళ్లకు అగడ్తలు తవ్వించడానికి గల కారణాలు ఏవి?
2. అగడ్త బురదలో చెక్క, తోలు నశించకుండా ఎందుకు ఉంటాయి?
3. పూడిపోయిన అగడ్తలను తవ్వకుండానే ఎట్లా గుర్తిస్తారు?
4. తవ్వకాన్ని వినాశంతో పోల్చడంలోని ఆంతర్యం ఏమిటి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. డూమ్స్‌డే గ్రంథంలో బర్మింగ్‌హామ్ మేనర్ విలువ ఎంత?
2. స్మిత్‌ఫీల్డ్ సంత ఏ సంవత్సరంలో ప్రారంభమయింది?
3. కోటకొమ్మలు నిర్మించుకోవడానికి 1264లో అనుమతి పొందినవారు ఎవరు?

సంధి పదాలను విడదీసి, సంధి పేరు రాయండి
విద్యార్థి, అత్యంత, నిత్యావసరం, రాజానుమతి

విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి
నీటిమట్టం, మహానగరం, యుద్ధభయం

ప్రాజెక్టు పని
మీ ఊరిలో గాని, సమీపంలో గాని ఉన్న పాత దిబ్బ, కోట, గడీ, చెరువుగట్టు వంటి ఒక స్థలాన్ని ఎంచుకోండి. దానిని గురించి పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆ స్థలానికి, పరిసరాలకు ఉన్న పాతపేర్లను సేకరించి, ఒక పుటకు మించకుండా నివేదిక రాయండి. నేలను తవ్వడం గాని, వస్తువులను తొలగించడం గాని చేయకూడదు.